మందపాటి గాజు ఫ్యూజింగ్: అంచుల గురించి అపోహలు, వాస్తవాలు

డ్యామ్‌ల మధ్య, అంటే కరిగిన గాజు పారిపోకుండా చుట్టూ నిలిపే అడ్డుగోడల మధ్య, నాలుగైదు పొరల గాజును ఫ్యూజ్ చేసి (వేడితో కరిగించి ఒకటిగా కలిపి), కిల్న్ (కొలిమి) తెరవగానే అంచు పొడవునా సూదుల్లాంటి ముళ్లు చూసి, గాజు నాసిరకమా, వేడి చాలలేదా అని దిగులుగా అడిగేవారు నాకు తరచుగా ఎదురవుతుంటారు. చాలా సందర్భాల్లో కారణం ఆ రెండూ కావు.

అపోహ: డ్యామ్ లోపలి వైపు పెట్టే ఫైబర్ పేపర్ (వేడిని తట్టుకునే పీచు కాగితం) ఎంత ఎత్తుగా ఉంటే అంచుకు అంత రక్షణ.

వాస్తవం: ముళ్లకు మూలం ఆ ఎత్తే. మెత్తబడిన గాజు పక్కకు పాకి గోడను తాకుతుంది. ఆ తరువాత ఖాళీలు నిండి మట్టం దిగుతున్నప్పుడు, గరుకైన పేపరును పట్టుకున్న అంచు మాత్రం దిగలేక సన్నని మొనలుగా మిగిలిపోతుంది. అందువల్ల 3 మి.మీ. మందపు ఫైబర్ పేపరును, పూర్తయిన గాజు మందం కంటే 3 మి.మీ. తక్కువ ఎత్తుకు కత్తిరించాలి. అప్పుడు పై అంచుకు పట్టు దొరకదు, తలతన్యత దానిని గుండ్రంగా మలుస్తుంది.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది పేర్చినప్పటి ఎత్తు కాదు, కరిగి సర్దుకున్నాక మిగిలే మందం. ముక్కలు డ్యామ్ కంటే చిన్నవైనా, తునకలు నింపినా, ఆ మందాన్ని తూకంతోనే తేల్చాలి. పేపరు పరిచాక లోపలి కొలత 20 × 20 సెం.మీ. ఉండి, 12 మి.మీ. మందం కావాలంటే, ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాముల చొప్పున 1,200 గ్రాముల గాజు పడుతుంది.

మా స్టూడియోకు వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మనవడి ఇంటికి నామఫలకం చేస్తూ, ఎవరో చెప్పారని ప్రతిసారీ వేడి పెంచుతూ పోయారు. ముళ్లు తగ్గలేదు సరికదా, ఫలకం వెనుక వైపు పేపరు పీచు గాజుకు అంటుకుపోయింది. ఆమె చేతికి కత్తెర ఇచ్చి పేపరు ఎత్తు తగ్గించమన్నాను. కిల్న్‌ను వేడిచేసి చల్లార్చే షెడ్యూలు మాత్రం మొదట ఉన్నదే. ఈసారి అంచు నున్నగా వచ్చింది. ఆ పాత ఫలకాన్ని కూడా పారేయనివ్వలేదు: ముళ్లను నీటితో తడుపుతూ డైమండ్ ప్యాడ్‌తో అరగదీసి, ఫైర్ పాలిష్ చేశాము, అంటే మళ్లీ వేడిచేసి గాజు మెరిసేలా చేశాము. అయితే ఒకసారి మందంగా ఫ్యూజ్ అయిన ఫలకాన్ని మళ్లీ వేడిచేసేటప్పుడు తొందర పనికిరాదు.

అపోహ: పొరలు పెంచితే మందం దానంతట అదే నిలుస్తుంది. నిలవదు. ఫుల్ ఫ్యూజ్‌లో, అంటే పొరలు పూర్తిగా కలిసిపోయే 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, గాజు సుమారు 6 మి.మీ. మందానికే మొగ్గుతుంది, అంతకు మించినది డ్యామ్ లేకపోతే వెలుపలికి పారుతుంది.

అపోహ: రెండు పొరల గాజు ఎనీలింగ్ (పగలకుండా నెమ్మదిగా చల్లార్చడం) షెడ్యూలే మందపాటి ఫలకానికీ సరిపోతుంది. సరిపోదు. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లోని బుల్స్‌ఐ సంస్థ తన గాజుకు ఇచ్చిన పట్టికలో, 12 మి.మీ. ఫలకానికి 482 డిగ్రీల వద్ద 2 గంటల సోక్ (అదే వేడిలో నిలిపి ఉంచడం), ఆపైన 427 వరకు గంటకు 55 డిగ్రీల చొప్పున చల్లార్పు ఉంటే, 25 మి.మీ. ఫలకానికి 4 గంటల సోక్, గంటకు 15 డిగ్రీల చల్లార్పు ఉన్నాయి. పైగా బరువైన డ్యామ్‌లు వేడిని పట్టి ఉంచుతాయి కనుక అంచు, మధ్యభాగం ఒకే వేగంతో చల్లారవు. కిటికీ అద్దాన్ని వాడేవారు మాత్రం ఈ అంకెలను తీసుకోకూడదు. దాని ఎనీలింగ్ ఉష్ణోగ్రత ఇంతకంటే ఎక్కువ.