పన్నుకు మత్తు, పెదవికి వద్దు

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పెళ్లి ఫోటోలు చూస్తే, నోరు మూసుకుని నవ్వేవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. అది బిడియం కాదు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ముందుపళ్ల మీద మిగిల్చిన గోధుమరంగు మచ్చలు. పన్ను పైనుండే గట్టి పొర, ఎనామిల్, తయారవుతున్న వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపే, పడిన మచ్చలు కాబట్టి తోమితే పోవు.

మచ్చ పైపైన ఉంటే మందు పూసి రాపిడి చేస్తే తగ్గుతుంది. ఎనామిల్‌లో నరం ఉండదు, అందుకే దానికి సూది అక్కర్లేదు. మచ్చ లోతుగా ఉంటేనే వెనీర్ దాకా వస్తుంది. పన్ను ముందు భాగాన్ని అర మిల్లీమీటరు వరకు అరగదీసి, పింగాణీ పొర అతికిస్తారు. చిగురు దగ్గర ఎనామిల్ పలచన. అక్కడ దాని కింది పొర, డెంటిన్, తగిలితే ప్రాణం జివ్వుమంటుంది.

అప్పుడు మొద్దుబార్చడానికి వాడేది ఎక్కువగా లిగ్నోకెయిన్. స్వీడన్‌లో 1943లో తయారైన మందు. సోడియం అయాన్లు నరంలోకి దూసుకెళ్తేనే నొప్పి కబురు ముందుకు కదులుతుంది. ఈ మందు ఆ దారులను మూసేస్తుంది. మన దగ్గర సాధారణంగా 2 శాతం మందులో 80,000 వంతుల్లో ఒక వంతు ఎడ్రినలిన్ కలిసి ఉంటుంది. అది రక్తనాళాలను బిగించి, మందు తొందరగా కొట్టుకుపోకుండా ఆపుతుంది. అందుకే బీపీ, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

పైదవడ ముందు ఎముక పలచన. చిగురు పక్కన సూది వేస్తే చాలు, మందు ఇంకి వేరు దాకా చేరుతుంది. చిక్కల్లా పెదవితోనే. అదీ మొద్దుబారి జారిపోతుంది. డాక్టర్ ‘నవ్వండి’ అంటే నవ్వు వంకరగా వస్తుంది. కొత్త పన్ను అంచు పెదవి దగ్గర ఎంతవరకు కనపడాలో అంచనా వేయడం కష్టం.

1990ల్లో వచ్చిన ఒక పద్ధతి నాకు చాలా నచ్చింది. సూదిని పెదవి వైపు కాకుండా అంగిట్లో, చిన్న దవడపళ్లకూ నడిగీతకూ మధ్యలో వేస్తారు. ఆ పక్క ముందుపళ్లు, కోరపన్ను, చిన్న దవడపళ్లు మొద్దుబారతాయి, పెదవి మాత్రం మామూలుగానే ఉంటుంది. అయితే అంగిలి చర్మం ఎముకకు బిగుతుగా అతుక్కుని ఉంటుంది. మందును తొందరపడి నెడితే బాగా నొప్పి. అందుకే చుక్కచుక్కగా మందు వదిలే కంప్యూటర్ యంత్రం దీనికి బాగా కలిసొచ్చింది.

ఆ యంత్రం లేనిచోట సూదికి ముందే పేషెంటును నవ్వించి ఫోటోలు తీసుకుంటారు. ఏళ్ల తరబడి నోరు మూసి నవ్వినవాళ్లకు ఆ ఫోటో దగ్గరే ఎక్కువ టైం పడుతుంది.