చీకట్లో తీసే ఫొటోకు చినుకుల లెక్క

తిరుపతిలో మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరను రాత్రి పూట, ఫ్లాష్ వెలిగించకుండా, వేషధారుల ముఖాల మీది రంగులు చెడకుండా ఫొటో తీయాలంటే ఏ కెమెరా కొనాలని, ఎక్కువ మెగాపిక్సెళ్లున్నది తీసుకుంటే సరిపోతుందా అని చిత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. కంపెనీల పేర్ల జోలికి నేను వెళ్లను గాని, దుకాణంలో దేనికి డబ్బు పెట్టాలో తేల్చే లెక్క ఒకటుంది. అది నాకు చాలా ఇష్టమైన లెక్క.

వెలుతురు చినుకులుగా పడుతుంది. ఐన్‌స్టీన్ 1905లో ప్రతిపాదించిన కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, ఈ చినుకులే. కెమెరాలోని సిలికాన్ పలక మీద ఫోటాన్ పడితే ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. ఆ పలక నిండా పిక్సెళ్లనే సన్నని గళ్లుంటాయి, పది లక్షల గళ్లు ఒక మెగాపిక్సెల్; ఏ గడిలో ఎన్ని పోగయ్యాయో లెక్కపెడితే ఫొటో తయారవుతుంది. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు; మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు ఉంటే, వీధి దీపం కింద 10 లక్సులు ఉండవచ్చు. ఎండ కుండపోత అయితే, జాతర రాత్రి తుంపర.

ఆ తుంపరలో ఏం జరుగుతుందో నవంబరు ముసురులో మా మిద్దె మీద చూశాను. ఒక కాగితం మీద 16 గళ్లు గీసి, దాన్ని రెండు క్షణాలు వానలో పట్టి, లోపలికి తెచ్చి తడి చుక్కలను లెక్కపెట్టాను. మొత్తం 64 చుక్కలు. వాన అన్ని గళ్ల మీదా ఒకేలా కురిసింది కాబట్టి గడికి 4 చొప్పున ఉండాలి కదా అనుకుంటాము. ఒక గడిలో 1, ఒక గడిలో 7, మరొక దానిలో 8 ఉన్నాయి. మిగిలిన 13 గళ్లలో 2 నుంచి 6 దాకా ఉన్నాయి. 4కు వర్గమూలం 2; నాలుగుకు రెండు అటూ ఇటూ. బడిలో వర్గమూలం తీయడం నేర్పుతాము గాని, అది చినుకుల్లో దాగి ఉందని చెప్పము. రాత్రి ఫొటోలో నున్నగా ఉండవలసిన చెంప మీద ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు ఈ హెచ్చుతగ్గులే.

నాలుగేసి గళ్లను కలిపి లెక్కపెడితే 13, 19, 19, 13 వచ్చాయి. సగటు 16, ఊహించదగిన తేడా 4. అంటే తేడా సగం నుంచి పావుకు తగ్గింది. అదే కాగితం మీద ఇంకా సన్నని గళ్లు గీస్తే చుక్కలు పెరగవు, గడికి వచ్చేవి తగ్గుతాయి. మెగాపిక్సెళ్లు పెంచడమంటే ఇదే. కెమెరాలో ఫొటోను వెలుగుగా చూపే ఐఎస్‌ఓ అంకెను పెంచడమంటే ఉన్న చుక్కలను పెన్నుతో దిద్ది ముదురు చేయడం. వాన ఒక్క చినుకు కూడా ఎక్కువ కురవదు.

కొత్త మోడల్‌లో సర్క్యూట్ పొరపాట్లు తగ్గాయని దుకాణదారు చెబితే అది నిజమే కావచ్చు. అయితే పొరపాట్లు వర్గాలుగా కలుస్తాయి: చినుకుల తేడా 2, సర్క్యూట్ తేడా 1 అయితే, 4కు 1 కలిపి వర్గమూలం తీస్తే 2.24 వస్తుంది. సర్క్యూట్‌ను పూర్తిగా నిర్దోషం చేసినా 2 మిగులుతుంది. ఆ కాస్త లాభానికి వేల రూపాయలు పెట్టడం నాకు సమ్మతం కాదు.

కాబట్టి ఎక్కువ చినుకులు పట్టాలి. ఫుల్‌ఫ్రేమ్ పలక వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు, దానికంటే చిన్నదైన ఏపీఎస్-సీ పలకది సుమారు 367. లెన్స్ రంధ్రపు సంఖ్య (ఇది తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ తెరిచి ఉండే సమయం మారకపోతే పెద్ద పలకకు 2.35 రెట్ల వెలుతురు అందుతుంది. మచ్చలు తగ్గేది దాని వర్గమూలం మేరకే, అంటే ఒకటిన్నర రెట్లు. కెమెరాతో పాటు ఇచ్చే 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే రంధ్రపు సంఖ్య 5.6, దాని బదులు 1.8 లెన్స్ వేస్తే వెలుతురు సుమారు 9.7 రెట్లు, స్పష్టత మూడు రెట్లకు పైగా పెరుగుతాయి. ఫోకస్ పడే లోతు మాత్రం తగ్గుతుంది. నేనైతే పాత ఏపీఎస్-సీ కెమెరాతో సరిపెట్టుకొని, మిగిలిన డబ్బు లెన్స్‌కు పెడతాను. అదీ 35 మిల్లీమీటర్లది. మిల్లీమీటర్లు పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరకు వస్తుంది; 50 మిల్లీమీటర్లది వేస్తే ఆ జనంలో వెనక్కు జరగడానికి చోటు దొరకదు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లేజర్‌ను ఆకాశంలోకి పంపి, తిరిగి వచ్చే ఫోటాన్లను లెక్కపెడతారు. అవి మరీ కొన్నే కాబట్టి వేల మెరుపుల ఫలితాలను కూడుతారు. ఫోన్లలోని నైట్ మోడ్ కూడా ఇలాగే వరుస ఫొటోలను కూడుతుంది. గుడి గోపురానికి అది చక్కగా పనికివస్తుంది. సున్నపు కుండల వేషంలో చిందులేసే మనిషికి పనికిరాదు.

ఫ్లాష్ ఫొటోల్లో తేలే తెల్లని గుండ్రాలను చూసి అమ్మవారి మహిమ అని దండం పెట్టేవారున్నారు. భక్తిని నేను ఆక్షేపించను. ఆ గుండ్రాలు లెన్స్‌కు దగ్గరగా ఎగిరే ధూళి కణాలు. ఫోకస్ కుదరక పెద్దవై కనిపిస్తాయి.

ఇక షట్టర్. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు కావడం వల్ల నాసిరకం ఎల్‌ఈడీ తోరణాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ను సెకనులో 1/100 లేదా 1/50 వంతు వద్ద ఉంచితే ఆ మిణుకులు పూర్తిగా ఇమిడిపోతాయి. 1/1000కు పెంచితే ఫొటోలో అడ్డచారలు పడవచ్చు. కొనే ముందు దుకాణంలోని సీరియల్ లైట్లనే ఒకసారి 1/1000తోనూ, ఒకసారి 1/100తోనూ తీసి, తెర మీద పెద్దవి చేసి చూడండి.