వ్యాన్ సీట్లకు కొత్త కవర్లు: మనవలకు ఉత్తరం

విజయనగరం

చిరంజీవులైన నా మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. వేసవి సెలవులకు మీరు వచ్చినప్పుడు మన పెరట్లో ఉన్న, లోపలే పడుకునే వీలున్న పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్ వ్యాన్‌కు కొత్త సీటు కవర్లు మనమే వేద్దామని మీ నాన్న చెప్పగానే, ఏ రంగు వేద్దామని మీరు ముగ్గురూ అడిగారు. రంగు సంగతి తరువాత చూద్దాం. కూర్చున్నవారికి సుఖం ఇచ్చేదీ, కవరును ఏళ్ల తరబడి నిలబెట్టేదీ దాని అడుగున ఉన్న పొరలే కనుక, ముందుగా వాటి గురించే రాస్తున్నాను.

ఈ వ్యాన్ల తయారీ జర్మనీలో 1950లో మొదలైంది. మనది 1967 తరువాత వచ్చిన రెండో తరం బండి. ముందు ఒకే పెద్ద అద్దం ఉండడమే దాని గుర్తు. ఇంజను వెనకాల ఉండడం వల్ల డ్రైవరు సీటు ముందు చక్రాల మీదికి వస్తుంది. అందుచేత ఎక్కే ప్రతి మనిషీ కాస్త ఎత్తుకు ఎక్కి, సీటు అంచును ఒరుసుకుంటూ లోపలికి జరగాలి. తలుపు వైపు అంచే ముందుగా చిరగడానికి కారణం అదే. మన బండిలో అక్కడ రెక్సిన్ పగిలి, లోపలి పీచు గోధుమరంగు పొడిగా నేల మీద రాలుతోంది.

ఆ పీచు ఏమిటో మీరు తెలుసుకోవాలి. ఆ కాలపు జర్మనీ బండ్ల సీట్లలో కొబ్బరి పీచునో, గుర్రపు వెంట్రుకలనో రబ్బరుతో కలిపి అచ్చుపోసిన మెత్తలు వాడేవారు. మన శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట తోటల్లో కాసే కొబ్బరికాయల మీద ఉండే పీచు కూడా ఆ జాతిదే. గాలి ఆడుతుంది, చెమటను పట్టి ఉంచదు కనుక సీటుకు అది చాలా మంచి సరుకు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ అందులోని రబ్బరు ఎండిపోయి, పీచు విడిపోతుంది. అలా పొడి అయిన మెత్త మీద ఎంత ఖరీదైన కవరు వేసినా నెల తిరగకముందే ముడతలు పడుతుంది. దాని బదులు ఫోమ్ వేయవచ్చు. కానీ చేత్తో నొక్కితే అడుగంటిపోయే మెత్తటి ఫోమ్ తీసుకోకూడదు, గట్టిదే కావాలి.

మెత్తకూ స్ప్రింగులకూ మధ్య గోనెగుడ్డ తప్పనిసరి. అది లేకపోతే తీగ అంచులు మెత్తను కొద్దికొద్దిగా కోసేస్తాయి. జూట్ మిల్లులకు పేరుపడ్డ మన జిల్లాలో మంచి గోనెగుడ్డకు కొరత లేదు. దాన్ని బిగువుగా లాగి పురికొసతో ఫ్రేముకు కుట్టాలి. అంతకంటే ముందు ఫ్రేము తుప్పును గరుకు కాగితంతో గీకి, తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ రంగు పూసి, పూర్తిగా ఆరనివ్వాలి. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఈ పని వాయిదా వేయడం మంచిది కాదు.

పాత కవరు విప్పేటప్పుడు తొందరపడి చింపకండి. దాని అంచు మడతల్లో సన్నని ఇనుప ఊచలు దూర్చి ఉంటాయి. కవరును మెత్తలోకి లాగి పట్టి, సీటుకు ఆ లోతైన గీతలు తెచ్చేవి అవే. పాత గుడ్డతోపాటు వాటిని పారేస్తే కొత్త కవరు ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ఒక్కొక్క ఊచనూ తీసి, ఏ సీటుది, ఏ వైపుది అని చీటీ కట్టి ఉంచండి. పాత కవరును కూడా దాచాలి, కొలతలకు అంతకు మించిన ఆధారం ఉండదు.

తొడిగే రోజు కొత్త కవర్లను కాసేపు ఎండలో పరుద్దాం. మన వేసవి ఎండకు రెక్సిన్ మెత్తబడి చక్కగా సాగుతుంది. వీపు భాగానికి కవరును తిరగేసి, తలగడకు గలీబు తొడిగినట్టు పైనుంచి కిందికి దించుతూ రావాలి. మెత్త మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పితే గుడ్డ సులువుగా జారుతుంది. పని అయ్యాక ఆ కాగితాన్ని లాగేయాలి. మూలల్లో పైపింగ్, అంటే అంచు కుట్టు వెంట ఉబ్బెత్తుగా ఉండే పట్టీ, సరిగ్గా కూర్చున్నదని చూసుకున్నాకే, కింద ఫ్రేముకు ఉన్న ఇనుప పళ్లకు అంచును తగిలించాలి. ముందు వైపు నడిమధ్య ఒకటి, దానికి ఎదురుగా వెనక ఒకటి, ఆ తరువాత పక్కలు, అన్నిటికంటే చివర మూలలు. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వస్తే గీతలన్నీ వంకరపోతాయి. ఆ పళ్లు చురుకైనవి, చేతులకు తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు.

వెనక మంచంగా పరుచుకునే సీటు పని తేలిక. దాని అడుగు ప్లైవుడ్ చెక్క కనుక గుడ్డను లాగి స్టేపుల్ పిన్నులు కొడితే సరిపోతుంది.

ఇక గుడ్డ విషయం. మనవరాలు పొందూరు ఖద్దరు వేద్దామన్నది. ఆ ఆలోచన నాకెంతో సంతోషం కలిగించింది. కానీ అంత సన్నని నూలు సీటు మీద లాగుడుకు నిలవదు. కిటికీ తెరలకు మాత్రం అదే వేద్దాం. ముందు సీట్లకు రెక్సిన్, పడుకునే వెనక సీటుకు దళసరి నూలు గళ్ల గుడ్డ మేలని నా అభిప్రాయం. ఇలాంటి బండ్లకు 1970లలో కంపెనీ నుంచే గళ్ల గుడ్డలు వచ్చేవి. ఎండలో నిలిచే బండి కనుక నల్ల రెక్సిన్ మాత్రం వద్దు, కూర్చుంటే ఒళ్లు కాలుతుంది. అది తప్ప మీ ముగ్గురికీ కుదిరిన రంగు ఏదైనా నాకు సమ్మతమే. ఈ నెలలోపే రాసి పంపితే కుట్టేవారికి గుడ్డ ఇచ్చేస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య