అబ్యానే: ఊరు అనిపించుకోవడానికి ఎంతమంది ఉండాలి?

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ రాష్ట్రంలో, కర్కస్ కొండవాలున ఎర్రమట్టి ఇళ్లతో మెట్లుమెట్లుగా నిలిచిన అబ్యానే గ్రామంలో 2006 జనగణన నాటికి 160 దాకా కుటుంబాలు, 300 పైచిలుకు మనుషులు ఉన్నారు. అంటే ఇంటికి సగటున ఇద్దరే. పిల్లలు తెహ్రాన్‌కో కాషాన్‌కో వెళ్లిపోగా వృద్ధులు మిగిలిన ఊరని ఆ లెక్కే చెబుతుంది.

ఇరాన్‌లో ఊరికి ప్రభుత్వ చిరునామా ఏర్పడింది 20వ శతాబ్దంలోనే. అంతకుముందు చాలా గ్రామాలు భూస్వాముల చేతుల్లో ఉండేవి. మన మునసబును పోలిన కద్‌ఖుదా అనే పెద్ద శిస్తు నుంచి తగవుల దాకా అన్నీ చూసుకునేవాడు. 1937 నాటి చట్టం, మరుసటి ఏడాది మొదట్లో దానికి జరిగిన సవరణ కలిసి దేశాన్ని 10 ఒస్తాన్‌లుగా, అంటే రాష్ట్రాలుగా, వాటి కింద షహ్రెస్తాన్‌లుగా విడగొట్టాయి. షహ్రెస్తాన్‌ను మన జిల్లా అనుకోవచ్చు; దాని కింద బఖ్ష్, ఆ కింద కొన్ని గ్రామాలను కలిపిన దెహెస్తాన్ ఉంటాయి. ఆ వరుసలో అబ్యానే నతంజ్ జిల్లా కేంద్ర బఖ్ష్‌లోని బర్జ్‌రూద్ దెహెస్తాన్‌కు చెందుతుంది.

1956లో తొలి జాతీయ జనగణన జరిగేనాటికి పట్నవాసులు పది మందిలో ముగ్గురే. 1960లలో భూసంస్కరణలు భూస్వామి పట్టును సడలించాయి గానీ, చిన్న కమతాలు, పట్నంలో కూలి, చదువులు కలిసి జనాన్ని కదిలించాయి. 2016కల్లా దేశ జనాభాలో దాదాపు ముప్పాతిక భాగం పట్టణాలకు చేరింది.

ఇంత జరిగినా అబ్యానే గ్రామ హోదాకు ముప్పు రాకపోవడానికి కారణం 1983 నాటి పరిపాలనా విభజన చట్టం. 20 కుటుంబాలు గానీ 100 మంది గానీ ఉంటే చాలు, అది గ్రామమే. పట్టణ హోదా లెక్క మాత్రం అంత సూటిగా నడవదు. గీలాన్ రాష్ట్రంలోని మాసూలే 2006లో 554 మందితో అబ్యానేలాగే చిన్న ఊరే అయినా, పట్టణంగానే గుర్తింపు పొందింది. తలల లెక్క కన్నా పాత బజారు, పాత పేరు అక్కడ ఎక్కువ పనిచేశాయని నాకనిపిస్తుంది. ఈ హోదా కాగితానికే పరిమితమైన మాట కాదు: పట్టణానికి పురపాలక సంఘం ఉంటుంది, గ్రామానికి 1998 చట్టంతో వచ్చిన దెహ్యారీ అనే గ్రామ పాలనా కార్యాలయం, 1999 నుంచి ఎన్నికవుతున్న గ్రామ మండలి ఉంటాయి. 1,500 లోపు జనాభా ఉన్న ఊరి మండలిలో ముగ్గురే సభ్యులు.

అసలు చిక్కు లెక్క తీసే పద్ధతిలో ఉంది. ఇరాన్ జనగణన సాధారణంగా శరదృతువులో జరుగుతుంది. ఎవరు మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే వారి పేరు. వేసవిలో తాళాలు తీసి వాకిళ్లు ఊడ్చుకుని, చలి పడగానే తెహ్రాన్ తిరిగి వెళ్లే అబ్యానేవాసులు అందుకే ఊరి లెక్కలోకి రారు. మొహర్రం పదో రోజైన ఆషూరా నాడు మాత్రం వాళ్లంతా వస్తారు. నఖ్ల్ అనే బరువైన కొయ్య చట్రాన్ని భుజాలకెత్తుకుని సందుల్లో ఊరేగించాలంటే, ఇంటికి ఇద్దరు చొప్పున మిగిలిన ముసలివాళ్ల భుజాలు చాలవు.