తలుపు మీద ఉన్నదే సైకిల్లోనూ ఉంది

మా మేనల్లుడు బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం వస్తే సైకిలేసుకుని దేవనహళ్ళి దాటి ఆవతి కొండ వైపు పోతాడు. ఆమధ్య ఫోన్ చేసి, "మామయ్యా, ఐదు లక్షల సైకిల్ ఒకటి చూశాను. ముందూ వెనకా సస్పెన్షన్. అంత డబ్బు అందులో ఎక్కడికి పోతుందో నువ్వొచ్చి చూసి చెప్పు" అన్నాడు. పక్కనుంచి మా అక్క "ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ కారొస్తుందని చెప్పరా వాడికి" అంటోంది. కారు మాట పక్కన పెట్టి నేను రైలెక్కాను.

గేర్లు, బ్రేకులు ఈ ధరలో ఏ సైకిల్‌కైనా బాగానే ఉంటాయి. వాటి జోలికి పోను. నా కళ్ళన్నీ వెనక చక్రానికీ ఫ్రేముకీ మధ్య బిగించిన జానెడు గొట్టం మీదే. దాన్ని రియర్ షాక్ అంటారు. షాపులో కుర్రాడు సీటు మీద చేత్తో నొక్కి "ఎంత మెత్తగా ఉందో చూడండి సార్" అన్నాడు. సస్పెన్షన్ గురించి అందరికీ ఉన్న అపోహ ఇదే. మెత్తదనం కావాలంటే సీటుకి దూది కుట్టించుకోవచ్చు. షాక్ పని వేరు. టైరు నేలని వదలకుండా చూడాలి. టైరు గాల్లో ఉన్నంతసేపూ బ్రేకు పట్టదు, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు.

ఇది మేనల్లుడికి చెప్పడానికి వాళ్ళ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరి తలుపు పనికొచ్చింది. తలుపు పైన డోర్ క్లోజర్ ఉంటుంది చూడండి, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కూడా కనిపిస్తుంది. లోపల ఒక స్ప్రింగు, కాస్త నూనె. తలుపు తోస్తే స్ప్రింగు బిగుస్తుంది. వదిలేస్తే స్ప్రింగు తలుపుని వెనక్కి లాగుతుంది, కానీ నూనె సన్నటి దారిలోంచి దూరి రావాలి కాబట్టి తలుపు నిదానంగా మూసుకుంటుంది. వీళ్ళ తలుపుకి ఆ నూనె కారిపోయింది. పైనుంచి కిందికి బొటనవేలంత వెడల్పున చార, దానికి అంటుకున్న దుమ్ము. ఎవరు వదిలినా ధడేలుమంటోంది. స్ప్రింగు బాగానే ఉంది, తను దాచుకున్న శక్తినంతా ఒక్కసారే తిరిగి ఇచ్చేస్తోంది. నూనె ఉంటే ఆ శక్తిలో చాలా భాగాన్ని వేడిగా మార్చేసేది.

సైకిల్ షాక్‌లోనూ ఇవే రెండు. స్ప్రింగు స్థానంలో బిగించిన గాలి, పక్కనే ఊపుని అణిచే నూనె గొట్టం, అంటే డ్యాంపర్. డ్యాంపర్ లేని సైకిల్ రాయి ఎక్కితే మనిషిని కాసేపు పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది.

మరి నూనె దారి బాగా బిగించేస్తే? మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు తలుపు గుర్తుచేసుకోండి. ఒకరి వెనక ఒకరు వెళ్తుంటారు. తలుపు మరీ నిదానమైతే మొదటివాడు పూర్తిగా తోయాలి, రెండోవాడికి సగం తెరిచే ఉంటుంది, ఐదోవాడి నాటికి అది మూసుకోవడమే మానేస్తుంది. షాక్‌కీ ఇదే జరుగుతుంది. వరసగా రాళ్ళు తగులుతుంటే ఒక రాయి నుంచి తేరుకోకముందే రెండోది వచ్చి కొడుతుంది. షాక్ అంతకంతకూ కూరుకుపోయి, చివరికి గట్టి కర్రలా తయారవుతుంది. నడిపేవాడేమో "ఈ షాక్ బాగా గట్టిది" అనుకుని గాలి తీసేస్తాడు. తప్పు గాలిది కాదు, షాక్ తేరుకునే వేగాన్ని నూనె దారితో అదుపు చేసే రీబౌండ్ స్క్రూది.

ఎంత వేగంగా తేరుకోవాలో లెక్క వేద్దాం. గంటకి 18 కిలోమీటర్లంటే సెకనుకి 5 మీటర్లు. అర మీటరుకో రాయి ఉంటే సెకనుకి 10 దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య పదో వంతు సెకను. అందులో సగం చక్రం పైకి లేవడానికే పోతుంది. మిగిలిన 0.05 సెకనులో చక్రం 4 సెంటీమీటర్లు దిగి నేలని అందుకోవాలి. వట్టి గురుత్వాకర్షణ మీద వదిలేస్తే అంత సమయంలో అది దిగేది 1.2 సెంటీమీటర్లే. కాబట్టి చక్రాన్ని కిందికి తొయ్యాలి. చక్రం, టైరు, దానితో కదిలే భాగాలు కలిపి 5 కిలోలనుకుంటే, వాటి బరువు దాదాపు 50 న్యూటన్లు. మనిషి భారానికి నొక్కుకుని ఉన్న స్ప్రింగేమో 500 న్యూటన్ల బలంతో తోస్తుంది. అది గురుత్వాకర్షణకి పది రెట్లు. చక్రం ఎంత తేలికైతే అంత త్వరగా దిగుతుంది. ఖరీదైన సైకిల్‌కి చక్రం బరువు తగ్గించడం నిజంగా దండగ కాదని ఇక్కడ తెలుస్తుంది.

ఇంటర్మీడియెట్‌లో స్ప్రింగు గురించి నెల రోజులు చెప్తారు, డ్యాంపింగ్ దగ్గరికొచ్చేసరికి "పరీక్షకి రాదు" అని పేజీ తిప్పేస్తారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మన చుట్టూ డ్యాంపింగ్ లేని స్ప్రింగు ఎక్కడుంది?

డోర్ క్లోజర్ చెయ్యి కూడా గమనించండి. మధ్యలో మోచెయ్యిలా వంగి ఉంటుంది. తలుపు తెరుచుకునే కోణాన్ని బట్టి స్ప్రింగు పట్టు మారుతుంది. సైకిల్‌కి ఆ పని వెనక చక్రాన్నీ షాక్‌నీ కలిపే కీళ్ళ కడ్డీలది, అంటే లింకేజీది. ఈ సైకిల్లో చక్రం 140 మిల్లీమీటర్లు కదిలితే షాక్ కదిలేది 55 మిల్లీమీటర్లే, అంటే సగటున 2.5 రెట్ల తేడా. పలుగుతో బండ లేపినట్టే: దూరంలో తగ్గిందంతా బలంలో పెరగాలి. వెనక చక్రం మీద 50 కిలోల భారం పడితే షాక్ మోసేది 125 కిలోలు.

పోలిక ఒకచోట తెగిపోతుంది. డోర్ క్లోజర్లో రెండు స్క్రూలుంటే, ఒకటి తలుపు సగం దారిలో ఉన్నప్పుడు, ఇంకోటి మూసుకునే ముందు పనిచేస్తుంది. తేడా తలుపు ఎక్కడుందన్న దాన్ని బట్టి. షాక్‌లో తేడా వేగాన్ని బట్టి. పిస్టన్ మీద షేవింగ్ బ్లేడు మందాన ఉక్కు బిళ్ళలు దొంతరగా ఉంటాయి. పెడల్ తొక్కుడుకి షాక్ నిదానంగా కదిలితే నూనె చిన్న రంధ్రంలోంచే పోతుంది. రాయి తగిలి షాక్ దూసుకొస్తే బిళ్ళలు వంగి పెద్ద దారి ఇస్తాయి. షాక్ మీద లో స్పీడ్, హై స్పీడ్ అని రాసి ఉండేది ఈ షాక్ కదలిక వేగమే, సైకిల్ వేగం కాదు. ఐదు లక్షల్లో పెద్ద వాటా ఈ బిళ్ళల పనితనానిదే అయి ఉండాలని నా అభిప్రాయం.

గాలి సంగతి. 1662లో బాయిల్ చెప్పినట్టు ఘనపరిమాణం మూడో వంతుకి తగ్గితే పీడనం మూడింతలవుతుంది. అది నిదానంగా నొక్కినప్పటి మాట. దెబ్బ ఠక్కున పడితే వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు, పీడనం 3 ఘాతం 1.4, అంటే దాదాపు 4.7 రెట్లకి పోతుంది. చేతి పంపు కొడితే మూతి వేడెక్కేది ఇందుకే. దూకినప్పుడు షాక్ చివరిదాకా దిగి కొట్టుకోకుండా కాపాడేది ఈ పెరుగుదలే.

పెడల్ తొక్కితే వెనక భాగం ఊగడం ఇంకో సమస్య. తొక్కగానే బరువు వెనక్కి జరిగి షాక్ దిగుతుంది. అదే క్షణంలో చైను లాగుడు షాక్‌ని పైకి తోస్తుంది. రెండూ సరిగ్గా చెల్లిపోతే యాంటీ స్క్వాట్ 100 శాతం అంటారు. దానికి మూల్యం ఉంది. చక్రం లేచినప్పుడు చైను బిగుసుకుని పెడల్‌ని వెనక్కి తంతుంది. కీళ్ళు ఎక్కడ పెట్టాలన్న తంటా అంతా ఇందుకే. ఇరుసుకి కాస్త ముందు కీలు పెట్టిన హోర్స్ట్ లైట్నర్ అనే డిజైనర్ పేటెంట్‌ని 1998లో స్పెషలైజ్డ్ కంపెనీ కొనుక్కుంది.

కొత్త బండికి నిమ్మకాయలు తొక్కిస్తాం, తప్పులేదు. కానీ షాపువాళ్ళు పెట్టిన సెట్టింగ్ కదిపితే బండి పాడైపోతుందన్న భయం మాత్రం పోవాలి. షాక్ కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. మేనల్లుణ్ణి హెల్మెట్, బ్యాగుతో సహా ఎక్కించి, రింగు పైకి తోసి, మెల్లగా దిగమన్నాను. రింగు 12 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. 55లో 30 శాతం, అంటే 16 దాకా రావాలి. ఆ కూరుకున్న భాగం వృథా కాదు, గుంట వస్తే చక్రం దిగడానికి ఉంచుకున్న జాగా. గాలి కాస్త తీశాం. ఫుట్‌పాత్ అంచు మీంచి కూర్చునే దిగమన్నాను. మూడుసార్లు ఊగాడు. రీబౌండ్ స్క్రూ రెండు క్లిక్కులు బిగించాక ఒక్కసారి ఊగి నిలబడ్డాడు.

అదే ధరలో కార్బన్ ఫ్రేముతో, స్క్రూ ఒక్కటే ఉన్న షాక్‌తో ఇంకో సైకిల్ ఉంది. ఇది అల్యూమినియం, కిలోన్నర బరువెక్కువ, కానీ డ్యాంపర్ మంచిది. దీన్నే తీసుకోమన్నాను. మరుసటి ఆదివారం ఆవతి నుంచి ఫోటో పంపాడు. ఎర్రమట్టి పట్టిన కడ్డీ మీద రింగు 50 దగ్గర ఉంది.