ముందు టైరు అరుగుదల, వెనక ఇరుసు దోషం

భారీ ట్రక్కు ముందు టైరు ఒక పక్కకు అరుగుతోందంటే చాలామంది చేయి మొదట టై రాడ్ మీదికే పోతుంది. రెండు ముందు చక్రాలనూ కలిపి ఉంచే ఆ కడ్డీని కాస్త తిప్పితే చక్రాల కోణం మారుతుంది, పైగా అది సులువుగా అందే భాగం. అయితే అరుగుదల కనిపించే చోటే లోపం ఉండాలన్న నియమమేమీ లేదు. ముందు టైర్లను తినేస్తున్న దోషం వెనక ఇరుసుల్లో ఉండటం కద్దు. అలాంటప్పుడు టై రాడ్‌ను ఎన్నిసార్లు సవరించినా కొత్త టైర్లు కూడా పాతవాటి దారే పడతాయి.

ముందుగా టో సంగతి చూద్దాం. పైనుంచి చూసినప్పుడు రెండు ముందు చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉంటే టో-ఇన్ అనీ, ఎడంగా ఉంటే టో-అవుట్ అనీ అంటారు. బండి కదిలేటప్పుడు రోడ్డు నిరోధం చక్రాలను వెనక్కి నెట్టి, కీళ్లలోని సందులను మూసి, వాటిని కొద్దిగా టో-అవుట్ వైపు తిప్పుతుంది కాబట్టి, నిలిచి ఉన్నప్పుడు సుమారు 1.5 మిల్లీమీటర్ల టో-ఇన్ ఉంచడం మామూలు. మీటరు వ్యాసం ఉన్న టైర్ల మధ్య ఈ కొలత మరో 3 మిల్లీమీటర్లు తప్పిందనుకుందాం. ఒక్కో చక్రం వంతుకు మీటరుకు 1.5 మిల్లీమీటర్ల చొప్పున, అంటే కిలోమీటరుకు 1.5 మీటర్ల మేర, టైరు పక్కకు ఈడ్చుకుపోవాల్సి వస్తుంది. లక్ష కిలోమీటర్లకు అది 150 కిలోమీటర్లు. నిజానికి రబ్బరు అంత దూరమూ జారదు. నేలను తాకిన భాగం మొదట అతుక్కుని పక్కకు వంగుతుంది, ఆ తాకిడి ప్రాంతపు వెనక అంచుకు వచ్చేసరికి పట్టు విడిచి జారుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ చిన్న జారుడే రబ్బరును గీకేస్తుంది.

ఆ గీకుడు ఏ దిశలో జరిగిందో అరచేతితో తెలుసుకోవచ్చు. ఇనుప తీగలు బయటపడని టైరు అయితే, దాని బయటి అంచు నుంచి లోపలి అంచు వైపు అరచేతిని మెల్లగా జరపాలి. అటు నున్నగా సాగి, తిరుగుదారిలో ట్రెడ్ (నేలను తాకే గాళ్ల పొర) పట్టీల అంచులు రంపపు పళ్లలా తగిలితే అది టో-ఇన్ ఎక్కువైన గుర్తు. అందుకు తిరగబడితే టో-అవుట్. అసలు విషయం రెండో టైరును కూడా తడిమినప్పుడు తేలుతుంది. రెండింటిలోనూ ఒకే రకం గుర్తు ఉంటే తప్పు టోలో ఉన్నట్టు. ఒకటి టో-ఇన్‌లా, మరొకటి టో-అవుట్‌లా అరిగితే మాత్రం టై రాడ్‌ను ముట్టుకోకూడదు, ఎందుకంటే రెండు టైర్లూ ఒకే పక్కకు ఈడ్చుకుపోతున్నాయన్నమాట. టో తప్పు వల్ల అలా జరగదు.

వెనక రెండు ఇరుసులున్న బండిలో అవి ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఒకటి బండిని ఒక పక్కకూ రెండోది మరో పక్కకూ నెడతాయి. ఆ రెండు బలాలూ కలిసి బండిని తిప్పాలని చూస్తాయి. డ్రైవరు స్టీరింగును కాస్త పక్కకు పట్టి దాన్ని నిలువరిస్తాడు. దారి తిన్ననిదే అయినా ముందు టైర్లు రోజంతా పక్కబలాన్ని మోస్తూనే ఉంటాయి. వెనక ఇరుసుల నడిమి దూరం కుడిపక్కకూ ఎడమపక్కకూ 6 మిల్లీమీటర్లు తేడా వచ్చినా, రెండు మీటర్ల వెడల్పు మీద అది మీటరుకు 3 మిల్లీమీటర్ల వంకర. కంటికి ఆనని ఈ వంకరకు కారణాలు మాత్రం మామూలువే: ఇరుసును కమాన్ కట్టలకు బిగించే యూ బోల్టులు వదులవడం, కమాన్ కట్టల సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరగడం, ఇరుసును దాని చోటున పట్టి ఉంచే టార్క్ రాడ్ బుష్‌లు అరిగిపోవడం.

కాంబర్, క్యాస్టర్‌ల గురించి రెండు మాటలు చాలు. కాంబర్ అంటే చక్రం నిలువుగా కాక ఏదో పక్కకు ఒరిగి ఉండటం; అది ఎక్కువైతే టైరు ఒరిగిన పక్క అంచు వైపే అరుగుతుంది. బరువెక్కినప్పుడు ముందు ఇరుసు దూలం వంగడం వల్ల కూడా ఈ ఒరుగుడు మారుతుంది. క్యాస్టర్ అంటే ముందు చక్రం పక్కలకు తిరిగే నిలువు కీలు (కింగ్‌పిన్) ముందుకో వెనక్కో వాలి ఉండటం; అది స్టీరింగు నిలకడకు సంబంధించింది, టైరును నేరుగా అరగదీసేది కాదు.

అలైన్‌మెంట్‌తో పోని అరుగుదల కూడా కొంత ఉంది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ కోణంలో తిరగాలన్న ఏర్పాటును మ్యూనిక్‌కు చెందిన బండ్ల తయారీదారు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో రూపొందించాడు. 1818లో ఇంగ్లండులో రుడాల్ఫ్ అకర్‌మన్ దానికి పేటెంటు తీసుకోవడంతో పేరు ఆయనకు దక్కింది. ఆ లెక్క ప్రకారం చక్రాల ఇరుసు గీతలన్నీ ఒకే బిందువులో కలవాలి. సమాంతరంగా ఉన్న రెండు వెనక ఇరుసుల గీతలు ఎక్కడా కలవవు కనుక, బండి మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక టైర్లు కొంత పక్కకు రాసుకోక తప్పదు. జంట టైర్లలో వ్యాసం తేడాది మరో బాధ: మీటరు వ్యాసం మీద 6 మిల్లీమీటర్ల తేడా ఉంటే, ఒకే వేగంతో తిరిగే ఆ రెండూ కిలోమీటరుకు 6 మీటర్ల తేడాను ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ సర్దుకోవాలి.

కొలతకు ఖరీదైన యంత్రమే కావాలని లేదు. చక్రాన్ని జాకీతో లేపి తిప్పుతూ ట్రెడ్ నడుమ సన్నని గీత గీసి, దించాక బండిని కొంత దూరం ముందుకు నడిపించి, రెండు ముందు చక్రాల గీతల మధ్య దూరాన్ని చక్రం నడిమి భాగమైన హబ్ ఎత్తులో ముందూ వెనకా కొలిస్తే టో తెలుస్తుంది. బండిని వెనక్కి జరిపి ఆపితే కీళ్ల సందులు అటువైపు మూసుకుని కొలత తప్పుతుంది. కింగ్‌పిన్, టై రాడ్ చివరలు, చక్రాల బేరింగులు వదులుగా ఉన్నంత కాలం ఏ కొలతా నిలవదు కాబట్టి వాటిని ముందే చూసుకోవాలి. ఆ తర్వాత వెనక ఇరుసులు, చిట్టచివరికి టో. అన్నీ సరిచేశాక పాత టైరును చూసి ఫలితం తేల్చడం కుదరదు. ఒకసారి వంకరగా అరిగిన ట్రెడ్ తిన్నని బండి మీద కూడా కొంతకాలం ఆ వంకరనే కొనసాగిస్తుంది.