బకింగ్‌హాం కాలువ: పడవలు ఆగింది తుఫానుకేనా?

చలి ముదిరి పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగాయంటే చాలు, బకింగ్‌హాం కాలువలో పడవలు మళ్లీ నడపాలన్న మాట పైకొస్తుంది. పర్యాటకుల కోసమని కొందరు, సరుకుల కోసమని కొందరు. పూడిక, గట్ల మీద సర్కారు తుమ్మ తప్ప ఏముందక్కడ, అయ్యే పని కాదని ఇంకొందరు.

1800ల మొదట్లో బాసిల్ కొక్రేన్ అనే వ్యాపారి తవ్వకం మొదలుపెట్టడం, తర్వాత మద్రాసు గవర్నర్ బకింగ్‌హాం పేరు పెట్టడం అందరూ రాసేవే. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 మన రాష్ట్రంలోనివే. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ అందుకుంటుంది, ఆపైన ఏలూరు, కాకినాడ కాలువలు. అంటే కాకినాడలో పడవెక్కినవాడు సముద్రంలోకి దిగకుండానే మద్రాసు చేరొచ్చు. చలికాలంలో దీని విలువ తెలిసేది. తుఫానుల రోజుల్లో సముద్రం మీద పోవడమంటే ప్రాణాలతో చెలగాటం, కాలువలో ఆ టెన్షన్ లేదు. ఈశాన్య గాలి దక్షిణానికి పోయే తెరచాపను నింపేది. తిరుగు ప్రయాణంలో మాత్రం గెడ వేయాలి, లేదా గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగాలి. శ్రీహరికోట కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి చేరింది ఇలాగే.

మరి ఎందుకు ఆగింది? అధికారుల జవాబు పొట్టిది: 1899లో బెజవాడ-మద్రాసు రైలు, తర్వాత లారీలు, చివరికి 1965, 1966 తుఫానులు. కానీ రైలొచ్చాక కూడా అరవై ఏళ్లకు పైగా పడవలు నడిచాయి. రైలే చంపేదైతే అంతకాలం ఆగేదా?

అసలు మలుపు తుఫానుల తర్వాతి సంవత్సరాల్లో ఉంది. ఇది ఆనకట్ట నుంచి నీళ్లొదిలితే నిండే కాలువ కాదు. పోటు సమయంలో సముద్రపు నీరు ఏటి మొగల గుండా లోపలికొస్తుంది. లాకుల తలుపులు మూసి ఆ నీటిని పట్టి ఉంచితేనే పడవకు లోతు దొరుకుతుంది. ఒక్క తలుపు ఊడినా, ఒక్క మొగ దగ్గర ఇసుక మేట వేసినా రెండు వైపులా పడవలు నిలిచిపోతాయి. గట్టు మీది పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పేదీ ఇదే. గండ్లు పడటం, ఇసుక మేటలు కొత్త కాదు, అంతకుముందు ప్రతిసారీ బాగుచేసేవారు. ఆ రెండు తుఫానుల తర్వాత ఎవరూ ఆ పని పూర్తిగా చేయలేదు.

వదిలేసిన కాలువ ఖాళీ జాగా కిందే లెక్క. చెన్నైలో 1995-97 మధ్య రాకపోకలు మొదలైన ఎలివేటెడ్ రైలు స్తంభాలు నేరుగా కాలువలోనే లేచాయి. 1877-78 కరువు పనుల్లో కూలీలు తవ్వి ఉత్తర, దక్షిణ భాగాలను కలిపిన ముక్క అది. 2008లో జాతీయ జలమార్గం-4 ప్రకటించినప్పుడు జాబితాలో ఉత్తర కాలువ 316 కిలోమీటర్లు, దక్షిణ కాలువ 110 అని విడివిడిగా రాసుకున్నారు. 2017లో తొలి దశ పనులకు శంకుస్థాపన జరిగింది కృష్ణా నదిపై, ముక్త్యాల-విజయవాడ మధ్య 82 కిలోమీటర్లకు. కాలువ వంతు ఇంకా రాలేదు.

మత్స్యకారులకు 2004 సునామీ గుర్తుంది. పెదగంజాం నుంచి చెన్నై దాకా చాలాచోట్ల ముంచుకొచ్చిన నీటిని కాలువే పట్టుకుంది, పది పదిహేను నిమిషాల్లో తిరిగి సముద్రంలోకి వదిలేసింది. పూడిక తీయమని వాళ్లు అడిగేది షికారు పడవల కోసం కాదు.

రొయ్యల చెరువుల వాళ్లకు వేరే బెంగ. చాలామంది మోటార్లు కాలువ, దాని పాయల మీదే ఆధారపడ్డాయి. లాకులు మళ్లీ పనిచేస్తే నీరు ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో ఇంకొకరి చేతిలోకి పోతుంది. ఇక తడ దగ్గర భీమునివారిపాలెంలో పక్షుల పండుగకు టికెట్ పెట్టి ఎక్కించే పడవ తిరిగేది పులికాట్ సరస్సులో, కాలువలో కాదు. అది చూసుకునేది పర్యాటక శాఖ. కాలువలో మట్టి తీయాల్సింది వాళ్లు కాదు.